సుగుణ పట్టిన చేప

ఈ మాటను ఇన్నేళ్ళుగా మోయడం నాకు అలవాటైపోయింది. ఎంతగా అంటే, ఇది బరువన్న సంగతే ఒక్కోసారి నెలల తరబడి మరిచిపోతాను. మళ్ళీ ఏదో చిన్న సందర్భంలో, పదిమంది నవ్వుతున్నప్పుడో, మా ఆవిడ ఊరికే తన చేతులకేసి చూసుకున్నప్పుడో, అది వచ్చి గుండె మీద కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళందరికీ నేను మంచివాణ్ణి. చర్చిలో పెద్దల వరసలో కూర్చుంటాను. భార్యను పల్లెత్తు మాట అనడని పేరుంది. ఆ పేరు అబద్ధం కాదు. నేనామెను తిట్టలేదు, ఏనాడూ చెయ్యెత్తలేదు. నేను చేసింది వేరు.

విన్నాక మీకిది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఒక చేప, ఒక వల, ఒక పడవ. ఇంతేనా అనుకుంటారేమో. నేను కూడా చాలాకాలం అలా అనుకోవడానికే ప్రయత్నించాను.

డెబ్భైల చివర్లో మేము విస్కాన్సిన్‌లో, బాగా ఉత్తరాన, కాగితం మిల్లు ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాపురం పెట్టాం. పెట్టాం అనడం కూడా సరికాదు. సుగుణ పెట్టింది, నేను వెళ్ళి చేరాను. ఆమె నర్సు. భీమవరం దగ్గర పుట్టి, మిషన్ ఆస్పత్రిలో చదువుకుని, పెళ్ళైన కొద్ది నెలలకే ఒంటరిగా విమానమెక్కింది. అమెరికాకు అప్పుడు నర్సులు కావాలి. నాలాంటి మెకానికల్ ఇంజనీర్ల కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు. ఆమె వెళ్ళి, ఇల్లు చూసుకుని, మంచులో కారు నడపడం నేర్చుకుని, కాగితాలు పంపిస్తే నేను వెళ్ళాను. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా ఆమే డ్రైవ్ చేసింది. నేను పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "చలేస్తోందాండీ, హీటర్ పెంచనా?" అని అడిగింది. అంత ప్రేమగా అడిగిన మాట నాకు ఎందుకు గుచ్చుకుంది?

అక్కడ మొదలైందా? ఏమో. ఆ తరువాత మిల్లులో యంత్రాల మరమ్మతు విభాగంలో నాకూ ఉద్యోగం దొరికింది. మంచి ఉద్యోగమే. కానీ ఆ ఊళ్ళో ఎవరి ఇంటికి వెళ్ళినా, ఏ దుకాణానికి వెళ్ళినా, ముందు సుగుణనే పలకరించేవారు. ఆమె ఎవరి తల్లికో సేవ చేసి ఉంటుంది, ఎవరి బిడ్డ జ్వరానికో రాత్రంతా మేల్కొని ఉంటుంది. వాళ్ళు ఆమె చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. తరువాత నావైపు తిరిగి, "ఓ, మీరు సుగుణ హస్బెండ్ కదూ!" అనేవారు. నేను నవ్వి అవునండీ అనేవాణ్ణి. అవును మరి, సుగుణ హస్బెండునే.

ఆమెకు తెలియనిది, ఆమె చెయ్యి పడనిది, నాది అనిపించుకునేది ఒకటి కావాలనిపించింది. మిల్లులో నాతో పనిచేసేవాళ్ళు సోమవారం పొద్దున్న ఒకే ఒక్క విషయం మాట్లాడుకునేవారు. మస్కీ. ఆ సరస్సుల్లో ఉండే చేప అది. పొడవుగా, మొసలి మూతితో, ఒంటినిండా చారలతో, నోటినిండా సూదుల్లాంటి పళ్ళతో ఉంటుంది. మనిషి కాలంత పెరుగుతుంది. అది అంత తేలిగ్గా దొరకదు. పదివేలసార్లు గాలం విసిరితే ఒక చేప అని అక్కడో నానుడి. వాళ్ళు దాన్ని వండుకు తినడానికి పట్టరు. నెలల తరబడి తిరిగి, ఒకదాన్ని పట్టి, కొలిచి, ఫోటో తీసుకుని, ఆ ఫోటో చూసుకుని బతుకుతారు. ఊళ్ళో హెరాల్డ్ అనే పెద్దాయనకు చేపలు పట్టే సామాన్ల దుకాణం ఉండేది. ఆ దుకాణం గోడనిండా అలాంటి ఫోటోలే. ఒక్కో ఫోటో కింద పట్టినవాడి పేరు, చేప పొడవు.

ఇదే నాది అనుకున్నాను. పాత అల్యూమినియం పడవ ఒకటి కొన్నాను. ఎరలు కొన్నాను. ఎర అంటే వానపాము కాదు. కొయ్యతో, ఇత్తడి రేకులతో, జింక తోక వెంట్రుకలతో చేసిన బొమ్మ ఎరలు. అవి నా ఇంజనీరు బుర్రకు భలే నచ్చాయి. ఒక్కోటి నీళ్ళలో ఒక్కోలా ఈదుతుంది. దారం చుట్టే రీల్‌ను తిప్పే వేగం మారిస్తే దాని నడక మారుతుంది. రాడ్‌ను, అంటే గాలపు కర్రను, ఒక్క గుంజు గుంజితే దెబ్బతిన్న చేపలా పక్కకు ఒరుగుతుంది. పడవ దాకా వచ్చాక రాడ్ కొసను నీళ్ళలో ముంచి ఎనిమిది అంకెలా తిప్పాలి. వెంటపడి వచ్చిన మస్కీ ఒక్కోసారి ఆ తిప్పుడులో ఎరను పట్టేస్తుంది. ఇవన్నీ సాధన చేశాను. ఎండాకాలం సెలవు రోజులన్నీ నీళ్ళ మీదే గడిపాను. రెండో ఏడు ఒకటి పడింది. మరీ పెద్దది కాదు. అయినా హెరాల్డ్ ఫోటో తీసి గోడకు తగిలించాడు. కింద నా పేరు రాశాడు. సుగుణ హస్బెండ్ అని కాదు, నా పేరు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళానో గాల్లో తేలి వెళ్ళానో నాకు తెలియదు.

సుగుణ ఎంత సంతోషించిందనుకున్నారు! ఆమెను సంతోషపెట్టడం చాలా తేలిక. "ఈసారి నన్ను కూడా తీసుకెళ్ళండి" అంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

మొదట్లో ఆమె రాడ్ పట్టుకోలేదు. పడవ ముందు భాగంలో స్వెట్టర్ వేసుకుని కూర్చుని చూసేది. నన్ను కాదు, నీళ్ళను. గాలి ఎటు వీస్తోంది, నురగ ఏ ఒడ్డున చేరుతోంది, చిన్న చేపలు ఎక్కడ గంతులేస్తున్నాయి, నీటిమొక్కలు ఎక్కడ పచ్చగా ఉన్నాయి, ఎక్కడ కుళ్ళి గోధుమరంగుకు తిరిగాయి. నేను ఎర మారుస్తూ ఉంటే ఒకసారి అడిగింది.

"ఏవండీ, ఇక్కడ అసలు చేప ఉందంటారా?"

"ఉందో లేదో ఎవరికి తెలుసు? ఉంటే, సరైన ఎర సరిగ్గా ఆడిస్తే వస్తుంది."

"అది కాదండీ. పేషెంటు ఏ వార్డులో ఉన్నాడో కనుక్కోకుండా సిరంజి పట్టుకుని హాస్పిటలంతా తిరిగితే ఎలా?"

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఆ తరువాత చాలాసార్లు ఆ మాటే మా మధ్య వాదమైంది. నేను ఎర అనేవాణ్ణి, ఆమె చోటు అనేది. ఉన్నంత మాత్రాన చేప నోరు తెరుస్తుందా, దానికి ఆకలి లేకపోయినా కోపం తెప్పించేలా ఎరను ఆడించాలి కదా అని నేను. పెద్ద చేప ఏం తింటుంది, ఆ తిండి ఇవాళ ఎక్కడ చేరింది, అది కనుక్కుంటే ఏ ఎరైనా చాలదా అని ఆమె. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ చేప లేనిచోట నా నేర్పంతా నీళ్ళకు ప్రదర్శన పెట్టడమే. ఆ సంగతి అప్పుడూ నాకు లోలోపల తెలుసు. తెలుసు కాబట్టే ఒప్పుకోలేదు.

ఆమె చెప్పిన చోట్లకు వెళ్ళడం మొదలుపెట్టాక చేపలు కనిపించాయి. కొన్ని వెంటపడి వచ్చి వెనక్కి తిరిగాయి. అప్పుడు ఆమె కూడా రాడ్ పట్టింది. ఆ ఏడు వేసవిలో, నేను పనికిరాదని పక్కన పడేసిన, నల్లరంగు వెలిసిపోయిన పాత తోకవెంట్రుకల ఎరతో ఒక మస్కీని పట్టింది. అది నా చేపకంటే పెద్దది. హెరాల్డ్ ఆ ఫోటోను నా ఫోటో పక్కనే తగిలించాడు. చీర కొంగు నడుముకు బిగించి, పైన నా పాత కోటు తొడుక్కుని, రెండు చేతుల మీద చేపను పడుకోబెట్టుకుని నవ్వుతున్న సుగుణ. దుకాణానికి వచ్చినవాళ్ళంతా ముందు దాన్నే చూసేవారు. పక్కనున్న నా ఫోటో దాకా ఎవరి కళ్ళూ వచ్చేవి కావు.

ఆ తరువాత మగవాళ్ళు ఆస్పత్రికి వచ్చి మరీ ఆమెను అడిగేవారు, ఈవారం ఎక్కడికి వెళ్ళమంటావని. ఆమె దాపరికం లేకుండా చెప్పేది. గాలి ఫలానా వైపు తిరిగింది కాబట్టి ఫలానా ఒడ్డు చూడండి అనేది. వాళ్ళు పట్టుకునేవారు. వచ్చి చెప్పేవారు. ఆమె పొంగిపోయేది. నేను వింటూ నవ్వు మొహం పెట్టేవాణ్ణి.

ఇది అసూయ అని నాకు నేను ఎప్పుడు చెప్పుకున్నాను? అప్పుడు కాదు. అప్పుడు దానికి వేరే పేర్లు పెట్టాను. అలసట అన్నాను. ఆమె అందరికీ రహస్యాలు చెప్పేస్తోందని చిరాకు అన్నాను. పరాయి మగవాళ్ళు వచ్చి మాట్లాడటం బాగోలేదని కూడా ఒకసారి నాకు నేను సర్దిచెప్పుకున్నాను, సిగ్గు లేకుండా. మరొకడి సంపద చూసి ఏడ్చేవాణ్ణి లోకం అర్థం చేసుకుంటుంది. సొంత పెళ్ళాం సంతోషం చూసి కడుపుమండేవాణ్ణి ఏమనాలి? రోజూ ఒకే కంచం దగ్గర కూర్చుని, ఒకే ప్రార్థన చేసి, ఒకే పక్క మీద పడుకుని, పక్కన నిద్రపోతున్న మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఓడిపోతే బాగుండునని కోరుకునేవాణ్ణి?

అక్టోబరు. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. ఆకులన్నీ రాలిపోయి చెట్లు బోడిగా ఉన్నాయి. అంతకుముందు రెండు రోజులుగా వాయవ్యపు గాలి ఆపకుండా వీస్తోంది. శనివారం మధ్యాహ్నం పడవ నీళ్ళలోకి దింపుతుండగా సుగుణ అంది, ఈ గాలికి చిన్న చేపలన్నీ అటు ఒడ్డుకు కొట్టుకుపోయి ఉంటాయి, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఆ రాతి కొమ్ము దగ్గర చూద్దామని. దాని పక్కనే లోతు. నేను కొత్తగా కొన్న కొయ్య ఎరను మరో వైపున్న నీటిమొక్కల్లో ఆడించాలని తెచ్చాను. ముందు నా చోటికే వెళ్ళాం. చాలాసేపు విసిరాను. ఏమీ లేదు. ఆమె ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, నా చేతులు గడ్డకట్టాయని తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

తరువాత రాతి కొమ్ము దగ్గరికి వెళ్ళాం. అలలు రాళ్ళకు తగిలి తెల్లగా విరుగుతున్నాయి. ఆమె ఆ పాత నల్ల ఎర విసిరింది. నాలుగైదు విసుర్లు అయ్యాయేమో. ఎర పడవ పక్కకు వచ్చింది. ఆమె రాడ్ కొస ముంచి ఎనిమిదిలా తిప్పింది, నేను నేర్పినట్టే. రెండో మలుపులో కింద నీళ్ళు నల్లబడ్డాయి. అది నీడ అనుకున్నాను. ఆ నీడ నోరు తెరిచింది.

ఆ పోరాటం గురించి ఒక్కటే చెబుతాను. ఆమె ఒక్క తప్పు కూడా చేయలేదు. చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుతో వదలాలో నిర్ణయించే చిన్న చక్రం రీల్ పక్కన ఉంటుంది. డ్రాగ్ అంటారు. మరీ బిగిస్తే దారం కదలక చేప దవడ చిరిగి కొక్కెం ఊడిపోతుంది. ఆమె డ్రాగ్ సరిగ్గా ఉంది. చేప పరుగెత్తినప్పుడు పోనిచ్చింది. ఆగినప్పుడు చుట్టింది. పడవ కిందికి దూరబోతే వంగి రాడ్‌ను నీళ్ళలోకి ముంచి చుట్టూ తిప్పింది. ఆమె మొహంలో భయం లేదు. ఆస్పత్రిలో ప్రాణం మీదికి వచ్చిన మనిషి దగ్గర ఆమె ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

చేప అలిసి, పక్కకు ఒరిగి పడవ పక్కకు వచ్చింది. అప్పుడు దాని పొడవు చూశాను. హెరాల్డ్ గోడ మీద అంతటిది లేదు. ఆ గోడ మీదే కాదు, ఆ చుట్టుపక్కల ఏ గోడ మీదా లేదు.

"నెట్, నెట్! తీసుకోండి!" అంది సుగుణ.

పొడవాటి పిడి, గుండ్రటి చట్రం ఉన్న వల నా చేతిలో ఉంది. పెద్ద చేపను వలలోకి తలవైపు నుంచే ఎక్కించాలి. వలను ముందు నీళ్ళలో ముంచి పెడితే చేప దానంతటదే లోపలికి జారుతుంది. వెనక నుంచి తోకవైపు వెళ్ళకూడదు. తోకకు ఏదైనా తగిలితే అది మళ్ళీ విరుచుకుపడుతుంది. ఎరకు రెండు గుత్తుల కొక్కేలుంటాయి, ఒకటి చేప దవడలో ఉంటే రెండోది బయట వేలాడుతుంది. ఆ బయటిది వలకు తగులుకుంటే ఇక చేప ఆ ఆసరాతో ఒక్క విదిలింపుకే ఊడిపోతుంది. ఇది తెలియనివాడు చేయగల పొరపాటు. నాకు తెలుసు. ఈ పాఠం ఆమెకు చెప్పింది నేనే.

నేను వలను తోకవైపు పెట్టాను.

చెయ్యి వణికింది అని రాద్దామనుకున్నాను. అలలకు పడవ ఊగింది అని కూడా రాద్దామనుకున్నాను. ఇన్నేళ్ళూ నాలో నేను అలాగే చెప్పుకున్నాను. పడవ ఊగిన మాట నిజం. కానీ ఊగకముందే నేను నిర్ణయించుకున్నాను. ఆ క్షణంలో నాకు కనిపించింది చేప కాదు. గోడ మీద సుగుణ ఫోటో, దాని పక్కన ఇంకా పెద్ద ఫోటో, దాని ముందు గుమిగూడిన జనం, వాళ్ళ వెనక టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ నేను. వల అంచుతో తోకను పొడిచాను. చేప తిరగబడింది. బయట వేలాడుతున్న కొక్కేనికి వల అందించాను. అవును, అందించాను. అది తగులుకుంది. చేప ఒక్కసారి తల విదిలించింది. నీళ్ళు మా ఇద్దరి మొహాల మీద పడ్డాయి. తరువాత నీళ్ళు మామూలు నీళ్ళైపోయాయి.

ఇక్కడితో ఆగి ఉంటే? ఆగి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదేమో. ఒక్క క్షణపు పాడుబుద్ధి అని ఏదో ఒకరోజు ఆమెకే చెప్పి ఉండేవాణ్ణి. ఆమె మొత్తుకునేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, అయిపోయేది. నేను ఆగలేదు.

ఆమె వణుకుతోంది. పోరాడుతున్నంతసేపూ వణకని మనిషి, అంతా అయిపోయాక వణుకుతోంది. "ఇలా ఇవ్వు" అని రాడ్ అందుకున్నాను. అందుకుంటూ, నా ఒంటిని ఆమెకు అడ్డం పెట్టి, బొటనవేలితో డ్రాగ్ చక్రాన్ని బిగించేశాను. గట్టిగా, ఇక తిరగనంతవరకు. అందులో కంగారు లేదు. అలల తప్పు లేదు. మిల్లులో బోల్టు బిగించినంత నిదానంగా బిగించాను. తరువాత రాడ్ ఆమె ముందు పెట్టాను.

"ఏమైందండీ? వలకి తగులుకుందా?"

"ఊడాక వచ్చి తగులుకుంది. నీ డ్రాగ్ చూడు."

ఆమె దారం పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

"ఇదేంటి, ఇంత టైట్‌గా ఉంది? నేను బిగించానా?"

"మరెవరు బిగిస్తారు? చివర్లో కంగారుపడి తిప్పేశావ్. నేను చూస్తూనే ఉన్నా."

"నాకు గుర్తు లేదండీ. నిజంగా గుర్తు లేదు."

"గుర్తుండదు సుగుణా. కంగారులో మన చేతులు ఏం చేస్తాయో మనకే తెలీదు."

ఆమె గ్లవుజులు తీసేసి చేతులను చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి. ఎవరివో చేతులు చూసినట్టు చూసింది. తరువాత నావైపు తిరిగి, "సారీ అండీ" అంది. నాకు సారీ చెప్పింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, పోనీలే, అందరికీ జరిగేదే అన్నాను. ఎంత పెద్దమనసుతో అన్నానో! ఆ పెద్దమనసు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు నమ్మరు. పెళ్ళైన తరువాత మొదటిసారి ఆమె చిన్నదైంది, నేను ఓదార్చేవాణ్ణి అయ్యాను.

హెరాల్డ్ దుకాణంలో నేనే చెప్పాను. నవ్వుతూ, ప్రేమగా, భార్యను వెనకేసుకొస్తున్నట్టు. పాపం, డ్రాగ్ బిగించేసింది, అంత పెద్ద చేపను చూసి ఎవరు కంగారుపడరు అన్నాను. వాళ్ళంతా అయ్యో అన్నారు. ఆమె కనిపించినప్పుడల్లా ఓదార్చారు. ప్రతి ఓదార్పూ ఆ అబద్ధానికి మరో మేకు కొట్టింది.

ఆ తరువాత ఒకటి రెండుసార్లు వచ్చింది నాతో. విసిరిన ప్రతిసారీ డ్రాగ్ చూసుకునేది. చూసుకున్నాక మళ్ళీ చూసుకునేది. నీళ్ళవైపు చూడటం మానేసింది. తరువాత రావడమే మానేసింది. చలి పడటం లేదంది.

నేను అనుకున్నది అంతవరకే. ఆమె సరస్సు మీద ఓడిపోవాలి, అంతే. అబద్ధం సరస్సు దగ్గరే ఆగిపోతుందనుకున్నాను. ఆ చలికాలం ఆస్పత్రిలో అత్యవసర రోగుల వార్డుకు ఆమెను హెడ్ నర్సుగా ఉండమన్నారు. మాలాంటి వాళ్ళకు అక్కడ అలాంటి పదవి ఇవ్వడం అప్పట్లో మాటలు కాదు. ఆమె ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. భోజనం దగ్గర ఆ మాట చెప్పి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి అంది. "వద్దని చెప్పేద్దామనుకుంటున్నానండీ. అక్కడ ఒక్క సెకను తేడా వస్తే మనిషి పోతాడు. కంగారులో నా చేతులు ఏం చేస్తాయో నాకే తెలీదు కదా."

నా మాట. నా నోటి మాట, అక్షరం పొల్లుపోకుండా.

అప్పుడు చెప్పవలసింది. ఆ క్షణంలో. ఆమె నా మొహంలోకే చూస్తోంది. నేను ఏదో అంటానని, అదేం మాట సుగుణా అంటానని ఎదురుచూస్తోంది. నోరు తెరిస్తే చాలు. నేను చారు పోసుకున్నాను. "నీ ఇష్టం" అన్నాను. ఎందుకు? భయమా? భయమే. కానీ భయం కిందే ఇంకొకటుంది, దాన్ని కూడా మీకు చూపించాలి. ఆమె హెడ్ నర్సు అయితే ఊరంతా మళ్ళీ ఆమె చుట్టూ చేరుతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. చేతిలో గరిటెతో, ఆమె కళ్ళలోకి చూస్తూ, నేను ఆ లెక్క వేసుకున్నాను.

మరుసటి శరత్కాలంలో, అలాంటి గాలే రెండు రోజులు వీచాక, ఒంటరిగా ఆ రాతి కొమ్ము దగ్గరికి వెళ్ళాను. నా కొయ్య ఎరతోనే ఒక పెద్ద మస్కీని పట్టాను. సుగుణ చేపంత కాదు. అయినా గోడ మీద పై వరసలోకి ఎక్కేంత. హెరాల్డ్ అడిగాడు, మీ ఆవిడ చెప్పిన చోటేనా అని. కాదన్నాను. సరస్సులో ఇంకో వంపు పేరు చెప్పాను. చోటులో ఏముంది, అంతా ఎర ఆడించడంలో ఉంది అని ఆ దుకాణంలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఫోటోలో చేపతో పాటు ఆ ఎరను కూడా పట్టుకున్నాను. చాలామంది అదే ఎర కొనుక్కుని, నేను చెప్పిన ఆ వంపులో శ్రద్ధగా విసిరారు. ఆ ఫోటో కాపీ ఒకటి తెస్తే సుగుణ దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళకు గర్వంగా చూపించేది. అప్పుడైనా నా కడుపుమంట చల్లారిందా? లేదు. ఆమె అంత తేలిగ్గా, అంత నిండుగా సంతోషించగలుగుతున్నందుకు కూడా ఈర్ష్యపడ్డాను. పట్టిన నాకు లేని సంతోషం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఎనభైలు అయిపోకముందే మిల్లు పని తగ్గించింది. మేము టెక్సాస్‌కు, ఇర్వింగ్‌కు వచ్చేశాం. వచ్చేముందు పడవ అమ్మేశాను. ఇక్కడ సుగుణ ఒక చిన్న క్లినిక్‌లో పగటిపూట పనిచేసింది. బరువు చూడటం, కాగితాలు నింపడం, ఫోన్లు ఎత్తడం. తన చదువుకు, తన చేతులకు ఏమాత్రం తగని పని. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. అక్కడే రిటైరైంది.

దేవుడి దగ్గర ఒప్పుకోలేదా అంటారేమో. ఒప్పుకున్నాను. ఎన్నో ఆదివారాలు మోకాళ్ళ మీద ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలిక. ఆయన రాత్రి భోజనం దగ్గర నా ఎదురుగా కూర్చోడు. పైగా ఆ చేప ఆయనది కాదు. ఆమెది.

పోయిన నెల మా తెలుగు చర్చిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. బీపీ చూడటం, వేలు గుచ్చి షుగర్ చూడటం. చిన్నవయసు నర్సులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. "ఆంటీ, మీరు ఇటు రండి, మీకంటే ఎక్స్‌పీరియన్స్ ఎవరికుంది?" అని పిలిచారు. సుగుణ నవ్వి, బీపీ అయితే చూస్తాను గానీ సూది మీరే పట్టుకోండమ్మా అంది. ఎందుకు ఆంటీ అని అడిగితే కథ చెప్పింది. విస్కాన్సిన్‌లో చలి, పడవ, పెద్ద చేప. "మా వారు నెట్ పట్టుకుని రెడీగా ఉన్నారు. నేనేమో కంగారులో డ్రాగ్ బిగించేశాను. నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. అప్పట్నుంచీ ఈ చేతుల్ని నమ్మనమ్మా!" అంది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నేను కూడా నవ్వాను.

ఎంత పెద్దది ఆంటీ అని ఒకమ్మాయి అడిగింది. సుగుణ రెండు చేతులూ చాపి చూపించింది. ఆ కొలత ఎంతో తక్కువ. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది, తగ్గితే నొప్పి కూడా తగ్గుతుందేమో అన్నట్టు. కాదు, ఇంకా పెద్దది అని నా గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే మిగతావన్నీ దాని వెంట వచ్చేస్తాయని భయపడి మింగేశాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. ధైర్యం వచ్చిందని మీతో అబద్ధం చెప్పలేను. చెబితే ఆమె క్షమిస్తుందేమో, క్షమించదేమో. క్షమించినా ఆ వార్డులో ఆమె గడపని ఏళ్ళు తిరిగి రావు. అవి నేను ఇవ్వగలిగినవి కావు. ఇన్నేళ్ళ తరువాత ఆమె చేతులు ఆమెకు తిరిగి ఇస్తే, వాటితో ఇప్పుడేం చేసుకుంటుంది? ఈ ప్రశ్న కూడా చెప్పకుండా ఉండటానికి నేను వెతుక్కున్న సాకేనా? అయ్యుండవచ్చు. నన్ను నేను ఇక నమ్మను.

అందుకని ఈ కాస్త మాత్రం, మీ ముందు, సూటిగా రాస్తున్నాను. ఆ చేప ఆమె చూపించినదానికంటే చాలా పెద్దది. అది ఎక్కడుంటుందో కనిపెట్టింది ఆమె. దాన్ని పడవ పక్కకు తెచ్చింది ఆమె. డ్రాగ్ సరిగ్గానే ఉంది. ఆమె చేతులు ఎక్కడా తడబడలేదు. వల నేను కావాలనే తోకవైపు పెట్టాను. చక్రం నేనే బిగించాను.

రాశాను. ఊపిరి ఆడుతోంది.